డ్రాయింగ్ పీరియడ్ ఏమైనట్టు?

సంపాదకుల వారికి,

మా పాప నెల్లూరులో తొమ్మిదో తరగతి. టైంటేబుల్లో శుక్రవారం ఆఖరి పీరియడ్ డ్రాయింగ్ అని ఉంది గానీ, ఏడాదంతా అది లెక్కల సారుదే. అడిగితే "పబ్లిక్‌లో బొమ్మలకి మార్కులు లేవు కదమ్మా" అన్నారు.

సెలవుల్లో ఉదయగిరి వెళ్తే, చెక్క గరిటెలు చేసే ఒకామె పాప చేతికి గరుకు కాగితం ఇచ్చి కాడ రుద్దమంది. రుద్దుతూ రుద్దుతూ "దీనికి ఇంత వంపు ఎందుకు?" అని అడిగింది మా పిల్ల. గిన్నె అడుగు అందాలి, చెయ్యి కాలకూడదు, అందుకని చెప్పిందామె. డిజైన్ పాఠమంటే ఇదే కదండీ! ఆ చెక్క సామాన్లకి ఆ ఊరి పేరుతో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది, వెంకటగిరి చీరలకీ ఉంది (2022లో ఆ ఊరు తిరుపతి జిల్లాకి పోయిందనుకోండి). ఇవన్నీ పక్కనే పెట్టుకుని మా పిల్లలు ఇంకా రెండు కొండల మధ్య సూర్యుణ్ణే వేస్తున్నారు.

వెంకటగిరి చీరల మీద నేసే జాందానీ బుటా (చిన్న పువ్వులాంటి నమూనా) ఒకటి గళ్ళ కాగితం మీద లెక్కపెట్టి వేయించి చూడండి, లెక్కల సారుకీ అభ్యంతరం ఉండదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా కళల్ని చదువులో కలపమనే చెప్పింది. ముందు ఆ శుక్రవారం పీరియడ్ వెనక్కి ఇప్పించండి.

– ఒక తల్లి, నెల్లూరు