క్రీము విరిగితే మైనం పెంచడమే మందు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇంట్లో క్రీములు, లోషన్లు చేసుకునే విధానాలు మీ పత్రికలో తరచుగా వస్తున్నాయి. చేసి చూసినవాళ్లు రెండు రోజులకే విరిగిపోయిందనో, రాసుకుంటే పలుకులు తగులుతున్నాయనో రాస్తే, వాళ్లకు అందే సలహా మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే: మైనం ఇంకో చెంచా వేయండి. కారణం తెలుసుకోకుండా మైనం పెంచితే క్రీము గట్టిపడుతుందేగాని లోపం అలాగే ఉంటుంది. నాలుగు రోజులు ఆలస్యంగా మళ్లీ విరుగుతుంది.

ముందు అది ఎలా విరిగిందో చూడాలి. పైన చిక్కటి తెల్లని పొర, అడుగున పలచటి ద్రవం కనిపించి, కలిపితే మళ్లీ ఒకటైపోతోందా? అలాగైతే నూనె బిందువులు ఇంకా విడివిడిగానే ఉన్నాయి, నీటికంటే తేలిక కాబట్టి పైకి చేరాయి, అంతే. దీనికి ఎమల్సిఫైయర్, అంటే నూనెను నీటిని కలిపి ఉంచే పదార్థం, పెంచనక్కర్లేదు. బిందువు పైకి తేలే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. వ్యాసం సగమైతే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి వేడిగా ఉన్నప్పుడే స్టిక్ బ్లెండర్‌తో రెండు మూడు నిమిషాలు బాగా తిప్పి బిందువులను చిన్నవి చేయాలి, లేదా 0.2 నుంచి 0.3 శాతం జాంతన్ గమ్ అనే బంక పొడితో నీటి భాగాన్ని చిక్కబరచాలి. అలా కాకుండా పైన తేటగా, పసుపుగా నూనె తేలి, ఎంత కలిపినా కలవకపోతే బిందువులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయని అర్థం. ఎమల్సిఫైయర్ చాలలేదా, ఆ నూనెలకు అది సరిపడనిదా అని వెతకాల్సింది అప్పుడే.

చాలా తయారీల్లో అసలు ఎమల్సిఫైయరే ఉండదు. తేనెమైనం, నూనె, నీళ్లు కలిపి గిలక్కొట్టమంటారు. తేనెమైనం ఒక్కటే నూనెను నీటిని కలిపి ఉంచలేదు. అది నూనెను గట్టిపరుస్తుంది, నీటిని కొద్దిసేపు చిక్కించుకుంటుంది, ఆ తర్వాత జాడీ అంచుల వెంట నీళ్లు ఊరతాయి. కలిసి నిలవాలంటే ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ లాంటిది కావాలి. 100 గ్రాముల మామూలు క్రీముకు ఇలా మొదలుపెట్టవచ్చు: నూనెలు 20 గ్రాములు, ఎమల్సిఫైయింగ్ వ్యాక్స్ 5, సెటైల్ ఆల్కహాల్ (చిక్కదనమిచ్చే మైనంలాంటి పదార్థం) 2, గ్లిసరిన్ 4, ప్రిజర్వేటివ్ 1, డిస్టిల్డ్ వాటర్ 68. వీటన్నిటినీ తూకం వేయాలి. చెంచాతో కొలిస్తే పొలుసులుగా ఉన్న వ్యాక్స్ ఒక బరువు, గుళికలుగా ఉన్న వ్యాక్స్ ఇంకో బరువు వస్తుంది. ఇంత చిన్న మోతాదుకు 0.1 గ్రాము చూపే త్రాసు లేకపోతే ఒకసారి వచ్చిన క్రీము రెండోసారి రాదు.

పాళ్లు సరిగ్గా ఉన్నా వేడి దగ్గర పని చెడుతుంది. నూనె భాగం, నీటి భాగం రెండూ 70 నుంచి 75 డిగ్రీల సెల్సియస్‌కు చేరాకే కలపాలి. నూనె వేడిగా, నీళ్లు గోరువెచ్చగా ఉంటే వ్యాక్స్ నీటిని తాకగానే గడ్డకట్టి రవ్వలవుతుంది. ఆ తర్వాత ఎంత తిప్పినా లాభం లేదు, మొత్తం మళ్లీ వేడిచేయాలి. వేడిచేసేటప్పుడు నీళ్లు ఆవిరైపోతాయన్న సంగతి దాదాపు ఎవరూ రాయరు. నీటి భాగాన్ని గిన్నెతో సహా ముందు తూచి, వేడయ్యాక మళ్లీ తూచి, తగ్గినంత వేడి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. బ్లెండర్ తల ఎప్పుడూ మునిగే ఉండాలి, పైకి లేస్తే గాలి చేరి క్రీము నురగలా అవుతుంది. చిక్కబడడం మొదలయ్యాక బ్లెండర్ ఆపి గరిటెతో నెమ్మదిగా తిప్పుతూ చల్లార్చాలి. అప్పుడు కూడా బ్లెండర్ వాడితే కట్టుకుంటున్న నిర్మాణం చెదిరి పలచబడుతుంది. 40 డిగ్రీలకు దిగాక సుగంధం, వేడికి తట్టుకోని పదార్థాలు వేయాలి. చిక్కదనం ఎంతో మర్నాడు చూసి చెప్పాలి. సెటైల్ ఆల్కహాల్ ఉన్న క్రీము రాత్రికి ఇంకా గట్టిపడుతుంది. పలచగా ఉందని అప్పటికప్పుడు ఇంకొంచెం కలిపితే తెల్లారేసరికి జాడీలోంచి రాదు.

పలుకులు తగిలితే చిటికెడు క్రీము రెండు వేళ్ల మధ్య పెట్టి మెల్లగా రుద్ది చూడండి. పలుకు వేళ్ల వేడికి కరిగి మాయమైతే అది కొవ్వు స్ఫటికం, ఎక్కువగా షియా బటర్‌ది (షియా గింజల కొవ్వు). దాంట్లో త్వరగా గడ్డకట్టే కొవ్వులూ ఆలస్యంగా గడ్డకట్టేవీ కలిసి ఉంటాయి. మెల్లగా చల్లారితే ముందువి విడిగా చేరి పెద్ద స్ఫటికాలవుతాయి. బటర్‌ను పూర్తిగా కరిగించి, కలిపాక గిన్నెను ఐసు నీళ్లలో పెట్టి తిప్పుతూ త్వరగా చల్లార్చడమే దీనికి మార్గం. ఎండకు సగం కరిగి మళ్లీ తనంతట తాను గట్టిపడిన జాడీలో కూడా ఇవే పలుకులు వస్తాయి. పలుకు కరగకుండా మెత్తగా, జెల్లీ ముద్దలా జారితే అది తడవని గమ్. జాంతన్‌ను నేరుగా నీళ్లలో చల్లితే పైపొర ఉబ్బి లోపలి పొడిని మూసేస్తుంది. ముందే దానికి నాలుగైదు రెట్లు గ్లిసరిన్‌లో కలిపి ముద్ద చేసి, అప్పుడు నీళ్లు పోయాలి. ఇక ఇసుకలా గరగరలాడి, తడి తగిలితే కరిగిపోతే అది నీటిలో పట్టనంత వేసిన పొడి. ఉదాహరణకు, చర్మాన్ని మెత్తబరచడానికి వేసే అల్లాంటోయిన్ పొడి మామూలు ఉష్ణోగ్రత వద్ద నీటిలో దాదాపు 0.5 శాతమే కరుగుతుంది. వేడిలో ఎక్కువ కరిగినట్టే కనిపించినా చల్లారాక సూదుల్లా బయటపడుతుంది.

రాసుకుంటే తెల్లటి చారలు పడడం విరగడం కాదు, స్పర్శకు సంబంధించిన లోపం. ఫ్యాటీ ఆల్కహాల్ (పై తయారీలో సెటైల్ ఆల్కహాల్) సగానికి తగ్గించి, 1 నుంచి 2 శాతం డైమెథికోన్ అనే సిలికోన్ నూనె చేరిస్తే చాలావరకు పోతుంది. జిడ్డుగా అతుక్కుంటుంటే గ్లిసరిన్ 3 శాతానికి దించండి. సాగుతూ తీగలు వస్తుంటే జాంతన్ ఎక్కువైంది.

జెల్‌ల సంగతి వేరు. కార్బోమర్ అనే చిక్కబరిచే పొడితో చక్కగా నిలబడిన జెల్ కలబంద రసం పోయగానే నీళ్లయిపోతే రసం పాడైందనుకుంటారు. నిజానికి దాంట్లోని లవణాలు కార్బోమర్‌ను కుదించేస్తాయి. సోడియం లవణాలుగా ఉండే విటమిన్ సి రూపాలూ అంతే. ఇంకా కార్బోమర్ వేసి ప్రయోజనం లేదు, హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్ లాంటి, లవణాలను ఓర్చుకునే చిక్కదనకారి కావాలి. హెయిర్ కండిషనర్‌లోని ధనావేశపు పదార్థానికి ఋణావేశపు జాంతన్ తగిలినా ముద్దలు కడుతుంది. షాంపూ పలచగా ఉందని ఉప్పు వేస్తూ పోతే ఒక దశ దాటాక మరింత పలచబడుతుంది. చిన్న భాగంలో వేసి చూశాకే మొత్తానికి వేయాలి.

ఈ ఉత్తరం రాయడానికి ముఖ్య కారణం ప్రిజర్వేటివ్. పై లోపాలు కంటికి కనిపిస్తాయి, సూక్ష్మజీవులు కనిపించవు. మూడింట రెండు వంతులు నీళ్లున్న క్రీములో విటమిన్ ఈ వేసి నిలవ ఉంటుందని రాయడం ప్రమాదకరం. విటమిన్ ఈ నూనె చిక్కు వాసన కొట్టకుండా ఆపుతుందేగాని బాక్టీరియాను, బూజును ఆపదు. సోడియం బెంజోయేట్ అనే ప్రిజర్వేటివ్ వేసేవాళ్లు పీహెచ్ (ఆమ్లత్వం కొలత) చూడరు. అది 5 కంటే తక్కువలోనే గట్టిగా పనిచేస్తుంది, చాలా క్రీములు సరిచేయకపోతే 6, 7 దగ్గర ఉంటాయి. ఒక గ్రాము క్రీము 9 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి స్ట్రిప్‌తో చూసి, 10 శాతం సిట్రిక్ యాసిడ్ ద్రావణం బొట్టుబొట్టుగా వేసి దించాలి. ఫినాక్సీఇథనాల్ అనే ప్రిజర్వేటివ్ అయితే 1 శాతం దాటకూడదు. బాగున్న క్రీము మూడు వారాలకు హఠాత్తుగా పలచబడి, వాసనో మచ్చలో వస్తే దాన్ని బాగుచేసే ప్రయత్నం వద్దు. గమ్‌ను సూక్ష్మజీవులు తినేస్తున్నాయని అనుమానించి పారేయాలి. మళ్లీ మరిగించినా అది వాడదగ్గది కాదు.

మార్పులు చేసేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. ప్రతి విడతలో ఒక జాడీ గది ఉష్ణోగ్రతలో, ఒకటి 40 డిగ్రీల దగ్గర, ఒకటి ఫ్రిజ్‌లో మూడు నెలలు ఉంచాలి. ఇంకొకటి 24 గంటలు ఫ్రీజర్‌లో, 24 గంటలు బయట, ఇలా మూడు విడతలు పెట్టాలి. రంగు, వాసన, పీహెచ్, చిక్కదనం రాసుకుంటూ రావాలి. ఇవన్నీ నెగ్గినా సూక్ష్మజీవుల విషయంలో క్షేమమని కాదు. అమ్మదలచినవాళ్లు సూక్ష్మజీవులను ప్రిజర్వేటివ్ ఎంతవరకు ఆపగలదో ప్రయోగశాలలో విడిగా పరీక్ష చేయించక తప్పదు.

ఇకపై ఏ తయారీని ప్రచురించినా బరువు శాతాలు, కలపాల్సిన ఉష్ణోగ్రత, చివరి పీహెచ్, ప్రిజర్వేటివ్ పేరు, మోతాదు తప్పనిసరిగా ఇవ్వాలని మనవి. నీళ్లు ఉండి ప్రిజర్వేటివ్ లేని తయారీ అయితే, ఒక్కసారి వాడకానికి సరిపడా మాత్రమే చేసుకుని మిగిలింది పారేయమని దాని పక్కనే అచ్చు వేయండి.

ఇట్లు,
సౌందర్య ఉత్పత్తుల తయారీ రంగంలోని ఒక పాఠకురాలు