అడుక్కి 3 రూపాయలు ఎందుకు పెంచామంటే

మా దగ్గర బోరు వేయించుకున్నవారికి, వేయించుకోబోయేవారికి నమస్కారం.

ఈ నెల నుంచి మా బోరు బండి (లారీ మీద అమర్చిన డ్రిల్లింగ్ రిగ్గు) రేటు అడుక్కి 3 రూపాయలు పెరిగింది. 800 అడుగుల బోరుకు మీ మీద అదనంగా పడేది 2,400. డీజిల్ మీదో, రాయిని తొలిచే బిట్ల ధర మీదో తోసేస్తే ఎవరూ ఎదురడగరు. కానీ అసలు సంగతి ఇన్సూరెన్సు. బండి మీద పనిచేసే కుర్రాళ్లందరికీ (మేం పిల్లలు అనే అంటాం) పనివాళ్ల నష్టపరిహారం పాలసీని పూర్తి జీతాల లెక్కన, ఆస్పత్రి ఖర్చు కూడా కలిపి తీసుకున్నాం. దాంతోపాటు పని చేసే పద్ధతిలో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. వాటివల్ల రోజుకు వేసే అడుగులు కొంచెం తగ్గుతాయి. మీరు కట్టే డబ్బు ఎటు పోతోందో మీకు తెలియాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

చిత్తూరు జిల్లాలో బోరు వేయడమంటే రాయిని తొలచడమే. పైమట్టి దాటి కేసింగ్ పైపు దించామంటే ఇక కిందంతా గ్రానైటు. మన పెద్దవాళ్ల కాలంలో 200, 300 అడుగుల్లో నీళ్లు పడిన ఊళ్లలో ఇప్పుడు 1,000 దాటినా పొడే వస్తున్న చోట్లున్నాయి. లోతు పెరిగేకొద్దీ మీకు ఖర్చు పెరుగుతుంది, మా పిల్లలకు ప్రమాదం పెరుగుతుంది. ఒక్కో రాడ్డు 20 అడుగులు. 1,000 అడుగులంటే 50 రాడ్లు ఒకదానికొకటి బిగిస్తూ దించాలి, మళ్లీ 50 విప్పుతూ పైకి తీయాలి. ప్రతిసారీ ఒక హెల్పరు చెయ్యి ఆ రాడ్డుకు జానెడు దూరంలో ఉంటుంది. రాత్రి రెండింటికి, నిద్ర కళ్లతో, బురద అంటిన బూట్లతో, కంప్రెసర్ మోతలో ఆపరేటర్ అరుపు వినపడక చెయ్యి ఒక్క క్షణం ఆలస్యంగా తీస్తే వేళ్లు పోతాయి. మెడలో తువ్వాలు వేలాడుతుంటే అది తిరిగే రాడ్డుకు చుట్టుకుంటుంది. అందుకే మా బండి మీద తువ్వాలు, లుంగీ, వదులు చొక్కా లేవు.

ఈ మధ్య పక్క మండలంలో వేరేవాళ్ల బండి మాస్టు (రాడ్లు దించే నిలువు స్తంభం) లేపుతుండగా 11 కేవీ తీగకు తగిలి ఒక హెల్పరు చనిపోయాడు. ఛత్తీస్‌గఢ్ పిల్లవాడు. ఆ ఓనరు దగ్గర లారీ పాలసీ తప్ప ఇంకేమీ లేదు. ఊరి పెద్దమనుషులు కూర్చుని ఏదో ఒక మొత్తానికి ఒప్పించి, కాగితం రాయించుకుని, శవాన్ని అంబులెన్సులో పంపించారు. అందరూ ‘సెటిల్ అయిపోయింది’ అన్నారు. నాకు అక్కడే మనసు రగిలింది.

ఎందుకంటే చట్టం ప్రకారం అది సెటిల్ కాలేదు. పనివాళ్ల నష్టపరిహారం చట్టం 1923 నాటిది. దాన్ని ఇప్పుడు సామాజిక భద్రత చట్టమైన సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో కలిపారు, ఆ కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. లెక్క కట్టే పద్ధతి మాత్రం పాతదే. పనిలో మనిషి చనిపోతే అతని నెల జీతంలో సగాన్ని వయసును బట్టి చట్టంలో ఇచ్చిన అంకెతో గుణించాలి. శాశ్వతంగా పనికి దూరమైతే సగం బదులు 60 శాతం. జీతం ఎంత ఎక్కువున్నా లెక్కకు 15,000 వరకే తీసుకోవాలని 2020లో కేంద్రం నిర్ణయించింది. 25 ఏళ్ల కుర్రాడికి ఆ అంకె 216.91. అంటే 7,500ను దాంతో గుణిస్తే 16,26,825 రూపాయలు. మా దగ్గర పనిచేసేవాళ్లలో చాలామందిది ఇంచుమించు ఆ వయసే. చావు కేసులో ఈ డబ్బు లేబర్ శాఖ తరఫున ఉండే అధికారి దగ్గర జమ చేయాలి. ఇంటివాళ్ల చేతిలో కొంత పెట్టి ‘ఇక మాకు ఏ హక్కూ లేదు’ అని వేలిముద్ర వేయించుకుంటే ఆ కాగితం చెల్లదు. నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. సరైన కారణం లేకుండా ఆపితే పరిహారంలో సగం దాకా జరిమానా కూడా వేయొచ్చు. ఆ జరిమానాను ఇన్సూరెన్సు కంపెనీ భరించదు, ఓనరే కట్టాలి.

‘వాడు హెల్మెట్ పెట్టుకోలేదు, వాడి తప్పే’ అనే మాట మా లైన్లో తరచూ వింటుంటాను. ప్రాణం పోయినా, మనిషి పూర్తిగా మంచాన పడ్డా ఆ మాట చెల్లదు. పరిహారం ఇచ్చి తీరాల్సిందే. నాకు ఇది న్యాయమనే అనిపిస్తుంది. 20 ఏళ్ల పిల్లవాడికి హెల్మెట్ పెట్టించాల్సింది పని చేయించేవాడే కదా.

లారీ ఇన్సూరెన్సు ఉంటే చాలదా అని కొందరు రైతులు అడిగారు. అది ప్రధానంగా రోడ్డు ప్రమాదాల కోసం పెట్టింది. పొలంలో బండి నిలిపి రాయి తొలిచేటప్పుడు జరిగినదానికి ఆ పాలసీ వర్తిస్తుందా లేదా అన్నది కోర్టుల్లో ఏళ్ల తరబడి నలిగే తగాదా. పది మంది, అంతకంటే ఎక్కువ మంది ఉన్న చోట అయితే ఈఎస్‌ఐ (ప్రభుత్వ కార్మిక బీమా) ఉంటుంది. ఒకటి రెండు బండ్లున్న మాలాంటివాళ్లకు ఈ పాలసీయే ముఖ్యమైన దారి. దీని ప్రీమియం జీతాల మొత్తాన్ని, పని ఎంత ప్రమాదకరమో దాన్ని బట్టి ఉంటుంది. ఆరుగురున్న చోట ముగ్గురినే చూపించి, జీతం సగం రాయించి ప్రీమియం తగ్గించుకోవచ్చు. కానీ క్లెయిము వచ్చిన రోజు కంపెనీ కూడా ఆ మేరకు కోత పెడుతుంది. మందుల ఖర్చు మామూలు పాలసీలో రాదు, విడిగా అడిగి చేర్పించుకోవాలి.

తిరుపతిలో అపార్టుమెంట్లు కట్టే బిల్డర్లకు ఒక మాట. మీ వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టుకు ఇచ్చినప్పుడు, ఆ కాంట్రాక్టర్ మనిషికి దెబ్బ తగిలితే అతను పరిహారం నేరుగా మిమ్మల్నే అడగొచ్చు. మీరు ఇచ్చి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవాలి. కాబట్టి బండి సైటులోకి వచ్చేముందు పాలసీ కాపీ అడిగి తీసుకోండి. మా బండి అయినా అడగండి. క్యాబిన్‌లోనే ఉంటుంది.

ఇక పొలంలో మారేవి. పాయింటు (నీళ్లు పడే చోటు) చూసేవాళ్లు కొబ్బరికాయ నిలబడిన చోటే వేయాలంటారు. ఆ నమ్మకం జోలికి నేను పోను. కానీ ఆ చోటు మీద కరెంటు తీగ ఉంటే మాస్టు లేపం. లైన్‌మ్యాన్ వచ్చి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైను ఆపడానికి అనుమతి) తీసుకుని సప్లై ఆపితేనే వేస్తాం, లేదంటే పాయింటు పక్కకు జరుపుకోవాలి. దీనికి ఒక రోజు పట్టొచ్చు. దయచేసి ‘ఫరవాలేదు, వేసేయండి’ అని పిల్లలను తొందరపెట్టకండి. రాత్రి 10 దాటాక కొత్త బోరు మొదలుపెట్టం. నేల మెత్తగా ఉంటే జాకీల కింద దిమ్మెలు వేశాకే బండి లేపుతాం.

పొడి సంగతి మాత్రం మీరు కూడా పట్టించుకోవాలి. గ్రానైటు పొడిలో సిలికా ఉంటుంది. బోరు వేసే గంటల్లో హెల్పర్ల కనుబొమలు, వెంట్రుకలు పిండిమిల్లులో పనిచేసినట్టు తెల్లబడతాయి. పైన కనిపించేది కడుక్కుంటే పోతుంది. ఊపిరితిత్తుల్లోకి పోయిన సన్నటి పొడి అక్కడే ఉండిపోయి, ఏళ్ల తర్వాత సిలికోసిస్ అవుతుంది. దానికి మందు లేదు. అందుకే నీళ్లు చిమ్ముతూ పొడిని అణుస్తాం, మాస్కులు ఇచ్చాం. మీరు ఒక ట్యాంకరు నీళ్లు దగ్గర పెట్టించగలిగితే మేలు. మీ ఇంటి పిల్లలను, ముసలివాళ్లను పొడి ఎగిరిపోయే వైపు కాకుండా గాలి వచ్చే వైపు నిలబెట్టండి. నీళ్లు పడతాయేమోనని ఇంటిల్లిపాదీ బండి చుట్టూ మూగే ఆత్రం నాకు తెలుసు. కొంచెం దూరం నుంచే చూడండి.

నీళ్లు పడకపోతే ఆ గుంతను మూతలేకుండా వదిలి బండి కదలదు. వదిలేసే బోరును అడుగు నుంచి పైదాకా మట్టితో, రాళ్లతో పూడ్చాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. బోరు ఫెయిలై బాధలో ఉన్న రైతుకు ఆ పని ఎక్కడ గుర్తుంటుంది? అందుకే మేము స్టీలు మూత బిగించి వెళ్తాం, దానికి విడిగా తీసుకోం. పూడ్పించడం మాత్రం వారంలోపు మీరు చేయించాలి.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత రేటే. కొత్తగా బుక్ చేసుకునేవారు పాయింటు ఫోటో పంపేటప్పుడు పైన తీగలు కనిపించేలా తీసి పంపండి. ఎల్‌సీ కావాలో వద్దో ముందే చూసుకుని తారీఖు చెబుతాం.