రాత్రి తొమ్మిదింటికి నాతో నడిచిన మీ అందరికీ

మొన్న శుక్రవారం షుగర్ రిపోర్టు చేతికొచ్చింది. కడుపుతో ఉండగా షుగర్ వచ్చినవాళ్లు కాన్పయిన ఆరు వారాలకు చేయించుకోవాల్సిన పరీక్ష. పరగడుపున 89, గ్లూకోజు నీళ్లు తాగిన రెండు గంటలకు 118. రెండూ నార్మలే. ఆ కాగితం పట్టుకుని హాస్పిటల్ మెట్ల మీదే కూర్చుని ఏడ్చేశాను. మీలో ఒక్కొక్కరికీ విడిగా థాంక్స్ చెప్పాను గానీ, మీరు చేసిన సాయం నలుగురిలో చెప్పుకోకపోతే నాకు మనసొప్పడం లేదు. పాప నిద్రపోతోంది కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

నాకు షుగర్ ఉందని ఏప్రిల్లో, గర్భం ఇరవై అయిదో వారంలో తేలింది. 75 గ్రాముల గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, రెండు గంటలాగి రక్తం తీశారు. 140 గానీ ఆపైన గానీ వస్తే గర్భంతో వచ్చిన షుగర్ కింద లెక్క. నాకు 168 వచ్చింది. మా నాన్నగారికి షుగర్ ఉంది, కానీ ముప్పై ఏళ్లకే, అదీ కడుపుతో ఉండగా నాకు వస్తుందని అనుకోలేదు.

మొదట చూపించుకున్న చోట కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు. స్వీట్లు మానేయండి, అన్నం తగ్గించండి, రెస్ట్ తీసుకోండి అని రెండు నిమిషాల్లో పంపించేశారు. నేను ఆ మాటలే పట్టుకున్నాను. పది రోజులు మంచం దిగలేదు. అన్నం నాలుగు ముద్దలకు తగ్గించాను. ఆకలికి రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. ఇంత చేసినా భోజనమైన రెండు గంటలకు చూస్తే 140 పైనే. 120 లోపు ఉండాలి కదా, బిడ్డకేమవుతుందోనని ఒకటే టెన్షన్.

వదినా, నువ్వు ఆ రోజు గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చి నన్ను వేరే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లకపోతే నేనలాగే మంచానికి అతుక్కుపోయేదాన్ని. ముందుగా నీకు, ఆ డాక్టరమ్మకు దణ్ణం పెడుతున్నాను.

ఆవిడ కూడా వెళ్లగానే నడవమనలేదు. స్కానింగ్ రిపోర్టు తెరిచి మాయ, అదే కడుపులో బిడ్డకు ఆహారం అందించే ప్లాసెంటా, కిందికి ఉందేమో చూశారు. గర్భసంచి ముఖద్వారానికి కుట్టు ఏమైనా వేశారా, రక్తం కనబడిందా, నొప్పులొస్తున్నాయా అని అడిగారు. బీపీ రెండుసార్లు చూశారు. అప్పుడు అన్నారు, "ఇవేవీ లేవు కదమ్మా, ఇంక మంచం మీద నీకేం పని?" అని. కడుపులో మాయ పెరిగే కొద్దీ అది వదిలే హార్మోన్ల వల్ల, రక్తంలో చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ సరిగ్గా పనిచేయదట. చాలామందికి ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువ తయారై సరిపోతుంది, కొందరికి చాలదు. అయితే కాళ్లు కదులుతున్నప్పుడు కండరాలు రక్తంలో చక్కెరను వాటంతటవే లాక్కుంటాయి, ఇన్సులిన్ కోసం ఎదురుచూడవు. అందుకే టిఫిన్, మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం, మూడింటి తర్వాతా పది పదిహేను నిమిషాల చొప్పున నడవమన్నారు. వారానికి కనీసం నూట యాభై నిమిషాలు కావాలట, అదీ దాంతోనే తీరిపోతుంది. మాట్లాడగలగాలి గానీ పాట పాడేంత ఊపిరి మిగలకూడదు, వేగానికి అదే కొలత. కళ్లు తిరిగినా, గుండెల్లో నొప్పొచ్చినా, రక్తం గానీ ఉమ్మనీరు గానీ కనబడినా, కడుపు బిగబట్టినట్టు మాటిమాటికీ వస్తున్నా, బిడ్డ కదలిక తగ్గినా ఆపేసి వెంటనే రమ్మన్నారు. అన్నం మానొద్దు, కప్పుతో కొలిచి తిను, ముందు కూర, పప్పు బాగా తిను అన్నారు. ఆ పూట ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను.

అక్కడే షుగర్ చెక్ చేసుకోవడం నేర్పించిన సిస్టర్ గారికి కూడా థాంక్స్. వేలికొన మధ్యలో కాదు, పక్కన గుచ్చుకోండి, నొప్పి అంతగా ఉండదని చూపించారు. ఒకరోజు మెషీన్ 190 చూపిస్తే వణికిపోతూ ఫోన్ చేశాను. "అంతకుముందు ఏం పట్టుకున్నారు?" అని అడిగారు. అత్తయ్యగారికి నూజివీడు మామిడిపళ్లు కోసిచ్చి, పండు తీపి అంటిన అదే చేత్తో గుచ్చుకున్నాను. సబ్బుతో కడుక్కుని మళ్లీ చూస్తే 116. ఆ రోజు ఫోనెత్తి ఆ ఒక్క ప్రశ్న అడగకపోయి ఉంటే రాత్రంతా ఏమైపోయేదాన్నో.

ఇప్పుడు అత్తయ్యగారి సంగతి చెప్పాలి. నడవాలని చెప్పగానే ఆవిడ ఒప్పుకోలేదు. రెండు ప్రాణాల మనిషివి, కూర్చో, నేనున్నానుగా అనేవారు. చెంబు కూడా నన్ను ఎత్తనిచ్చేవారు కాదు. నాకు కోపం వచ్చేది. ఒకరోజు ఆవిడే చెప్పారు. అవనిగడ్డ దగ్గర పల్లెలో, మా ఆయన కడుపులో ఉండగా, తొమ్మిదో నెల దాకా చెరువు నుంచి బిందెలు మోశారట. ఒక్కరూ కూర్చోమనలేదట. "నా కోడలికి ఆ గతి పట్టకూడదని ఆనాడే అనుకున్నానమ్మా" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఆ మర్నాడు ఇద్దరం కలిసి ఒక పరీక్ష పెట్టుకున్నాం. అదే కప్పు అన్నం, అదే దోసకాయ పప్పు, అదే బెండకాయ వేపుడు, మజ్జిగ. మొదటి రోజు తిని కూర్చున్నాను. రెండు గంటలకు 148. రెండో రోజు తిన్నాక పదిహేను నిమిషాలు నడిచాను. 117. అత్తయ్యగారు మెషీన్‌ను దగ్గరగా పెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని ఆ అంకె రెండుసార్లు చదివారు. ఆ రాత్రి కంచాలు తీయకముందే చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు, "పద" అంటూ. డెలివరీ రోజు దాకా ఆ మాట ఆగలేదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి నా పక్కన ఎన్ని అడుగులు వేశారో! అత్తయ్యగారూ, మీ రుణం తీర్చుకోలేను.

ఇక ఎండలు. మే నెలలో బెజవాడ సంగతి తెలిసిందే, సాయంత్రం ఏడైనా డాబా మీద కాలు పెట్టలేం. బీఆర్టీఎస్ రోడ్డు మీదికి వెళదామన్నా వేడిగాలి మొహాన కొట్టేది. మిగిలింది మా అంతస్తులో వరండా. అక్కడ చెప్పుల స్టాండ్లు, పూలకుండీలు, ఎవరిదో పాత సైకిలు. అటు చివర ట్యూబులైటు వెలగదు. ఎదురింటి బాబాయిగారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. నేను ఒకసారి కుండీ తగిలి తూలడం చూశారట. మర్నాడు సాయంత్రానికి వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి ఖాళీగా ఉంది. కొత్త ట్యూబులైటు వెలుగుతోంది. ఆయన ఇల్లిల్లూ తిరిగి సామాన్లు లోపల పెట్టించారని తర్వాత తెలిసింది. ఎవరూ కాదనలేదు. మా అంతస్తులో అందరికీ థాంక్స్, ముఖ్యంగా ఆ సైకిలు వాళ్లకి.

అటు చివరి వరకు ముప్పై నాలుగు అడుగులు. నాకు లెక్క తప్పుతోందని బాబాయిగారు కుర్చీ వేసుకుని కూర్చుని, నేను ఒక్కో చుట్టు తిరిగొచ్చినప్పుడల్లా గోడ మీద సుద్దముక్కతో గీత గీసేవారు. నాలుగు గీతలయ్యాక అడ్డంగా ఒకటి. మర్నాడు తడిగుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలు. పిన్నిగారు నాతో పాటు నడుస్తూ ఊళ్లో కబుర్లన్నీ చెప్పేవారు. మాట్లాడుతూ నడవాలన్న డాక్టరమ్మ మాట ఆవిడ వల్ల శ్రమ లేకుండా నెరవేరింది.

ముప్పై రెండో వారంలో పరగడుపు షుగర్ 95 దాటడం మొదలైంది. 101, 99, 103. ఎంత నడిచినా దిగలేదు. నేనేదో తప్పు చేశానని కుమిలిపోయాను. డాక్టరమ్మ నా షుగర్ అంకెల పుస్తకం మొత్తం తిరగేసి, భోజనం తర్వాతవన్నీ బాగున్నాయి, నీ నడక దాని పని అది చేసింది, పరగడుపుది రాత్రంతా లివరు వదిలే చక్కెర, దానికి నువ్వేం చేస్తావు అన్నారు. పడుకోబోయే ముందు 6 యూనిట్ల ఇన్సులిన్ రాశారు. నడవడం మాత్రం ఆపొద్దన్నారు. ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను, ఎందుకంటే ఇన్సులిన్ పడితే ఓడిపోయామని ఏడ్చేవాళ్లు నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు. అది బిడ్డ కోసం వేసుకునే మందు, అంతే. ఇంజక్షన్ మొదలయ్యాక షుగర్ పడిపోతుందేమోనని పిన్నిగారు వరండా కిటికీలో గ్లూకోజు పొడి డబ్బా, గ్లాసు పెట్టి ఉంచారు. ఒక్కసారి కూడా అవసరం పడలేదు. అయినా అది అక్కడుందన్న ధైర్యంతోనే నడిచాను.

మా బ్యాంకు మేనేజర్ గారికి, కౌంటర్లో నా పక్క సీటు తమ్ముడికి కూడా కృతజ్ఞతలు. లంచ్ తర్వాత పదిహేను నిమిషాలు నా కౌంటర్ ఎవరో ఒకరు చూసుకున్నారు, లీవు మొదలయ్యే దాకా. నా భర్త పేరు చివర రాస్తున్నానని ఆయనేమీ అనుకోరు. తెల్లవారుజామున నాకంటే ముందు లేచి స్ట్రిప్పు, దూది సిద్ధం చేసి, అంకెలన్నీ పుస్తకంలో రాసింది ఆయనే.

జూలైలో, ముప్పై తొమ్మిదో వారంలో పాప పుట్టింది. 3 కిలోల 50 గ్రాములు. పుట్టిన గంటలోపే పాలు పట్టించారు. మడమ దగ్గర చుక్క రక్తం తీసి పాప షుగర్ కొన్నిసార్లు చూశారు, అన్నీ బాగున్నాయి. ఇన్సులిన్ ఆ రోజే ఆపేశారు. అయితే ముందు ముందు షుగర్ వచ్చే అవకాశం నాకు మిగతావాళ్ల కన్నా ఎక్కువేనట, ఏడాదికోసారి పరీక్ష చేయించుకోమన్నారు. చేయించుకుంటాను.

నిన్న సాయంత్రం మూడో అంతస్తు అమ్మాయి వచ్చింది. ఆరో నెల, మొన్న పరీక్షలో 152 వచ్చిందట. కళ్లు వాచి ఉన్నాయి. మా డాక్టరమ్మ నంబరు ఇచ్చాను. ముందు ఆవిడకు చూపించుకో, ఆవిడ నడవమంటే ఏ పూటైనా సరే తలుపు కొట్టు, నేనో అత్తయ్యగారో తోడొస్తాం అని చెప్పాను. సుద్దముక్క బాబాయిగారి కిటికీలోనే ఉంది.