కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు కొత్త కాదు కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన పెద్దవాళ్లకు తోడుగా నిలవడమే ఈ ఏడాది మన ముఖ్య కార్యక్రమం. డిశ్చార్జి అయ్యాక మొదటి నెలే గండం. మన వాలంటీరు ఇంటికి వెళ్లగానే మందుల సంచి మంచం మీద గుమ్మరించి, డిశ్చార్జి సమ్మరీతో, అంటే ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రి రాసిచ్చే చీటీతో, ఒక్కొక్కటీ సరిచూస్తారు. పాత బీపీ మాత్ర ఒక పేరుతో, అదే మందు ఆస్పత్రి చీటీలో ఇంకో పేరుతో ఉంటే, రెండూ వేసుకుంటున్నవాళ్లు కనిపించారు. కళ్లు తిరిగి పడిపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? అలాంటప్పుడు మనంతట మనం ఏదీ ఆపం, డాక్టరుకు ఫోన్ చేయిస్తాం.

గర్వంగా చెప్పుకోవాల్సింది కుటుంబ సభ్యుల శిక్షణ శిబిరం. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడటం, యూరిన్ బ్యాగు నడుము కంటే కిందే ఉంచడం, నిలబెట్టే ముందు కాసేపు మంచం అంచున కూర్చోబెట్టడం, అన్నీ చేతులతో చేయించి నేర్పారు. పేషెంటుగా పడుకున్న కుర్రాడు "భుజం పట్టి లాగకండి బాబోయ్!" అని అరిచాక గానీ ఎలా తిప్పకూడదో చాలామందికి అర్థం కాలేదు. నేర్పిన ఫిజియోథెరపిస్టుకు, రిటైర్డ్ నర్సమ్మగారికి, హాలు ఇచ్చినవారికి, కుర్చీలు మోసిన పిల్లలకు, రాత్రిపూట కూడా ఫోన్ ఎత్తిన మన ఉపాధ్యక్షులవారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

ఇక చెప్పక తప్పని మాట. గ్రూపులో "నేను వస్తా" అని రాసినవాళ్లలో సగం మంది వచ్చినా, ఉన్న నలుగురికీ ఇంత టెన్షన్ ఉండేది కాదు. పేషెంటును ఇంటికి పంపడానికి ఒక్కరోజు ముందు కబురు చెప్పండని ఆస్పత్రి అధికారులకు వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాం. వాళ్లు చీకటి పడ్డాక పేషెంటును పంపించేస్తూనే ఉన్నారు. ఇంటి దగ్గర చూస్తే కమోడ్ కుర్చీ ఉండదు, బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ ఉండదు.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో జతపరిచాం. కోశాధికారి చదువుతారు, ఆమోదించగలరు.

మన దగ్గర తీసుకెళ్లిన వాకర్లు, గాలి పరుపులు పని అయిపోయినా కొందరి ఇళ్లలోనే ఉండిపోయాయి. దయచేసి ఈ వారంలోనే తెచ్చి ఇవ్వండి, వాటి కోసం ఎదురుచూస్తున్న ఇళ్లున్నాయి.

ఇట్లు,
కార్యదర్శి