ఒరే బావా, సియాటిల్లో జముకు మోగింది

ఒరే బావా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు తిట్టుకో, తప్పు నాదే. ఫోన్లో చెబుదామంటే నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి నువ్వు డ్యూటీకి బయల్దేరుతుంటావు. వాయిస్ మెసేజ్ పెడదామని మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ చెరిపేశాను. ఇది కూర్చుని రాయాల్సిన సంగతి. పాపని ఈత క్లాసులో దింపి, ఆ పక్కనే బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. గంట టైముంది.

ముందు ఇంటి కబుర్లు. అందరం బాగున్నాం. నాన్న కంటి ఆపరేషన్ బాగా అయింది, పేపరు తనే చదువుకుంటున్నాడు. ఆఫీసు మామూలే. నువ్వడిగిన స్థలం కాగితాల సంగతి విడిగా రాస్తాను. ఇంకేం లేవు.

బావా, మొన్న శనివారం రాత్రి నేను జముకు వాయించాను. సియాటిల్లో.

అవున్రా, జముకే. మీ తాత చంకలో పెట్టుకుని నరం మీటుతూ కథలు చెప్పిన ఆ జముకే.

ఇలా ముక్కలుగా చెబితే నీకు అర్థం కాదు, మొదట్నుంచీ వస్తాను. ఇక్కడ 90.3 అని ఒక రేడియో ఉంది, పేరు కేఈఎక్స్‌పీ. 1972లో యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ కుర్రాళ్ళు కేసీఎంయూ అనే పేరుతో మొదలుపెట్టారట. 2001లో ఈ పేరు వచ్చింది. ముఖ్యంగా వినేవాళ్ళు ఇచ్చే చందాల మీదే నడుస్తుంది. ఆఫీసుకి వెళ్ళేటప్పుడు కార్లో అదే పెట్టుకుంటాను. ఒక గిటార్ల బ్యాండు పాట అయిపోగానే ర్యాప్ వస్తుంది, దాని వెనకే ఎవరో రేకు మీద ఏదో గీస్తున్నట్టు ఒక శబ్దం ఏడు నిమిషాలు సాగుతుంది. మన తీర్థంలో ఒక పక్క బుర్రకథ, ఒక పక్క సినిమా పాటల మైకు, ఇంకో పక్క తప్పెటగుళ్ళు అన్నీ ఒకేసారి చెవిలో పడేవి చూడు, అచ్చం అలాగే. మొదట్లో తల నొప్పెట్టేది. ఇప్పుడు అది లేకపోతే పొద్దు గడవదు.

హాస్టల్లో మనం అరగదీసిన నిర్వాణా బ్యాండు క్యాసెట్టు గుర్తుందా? తలుపు వేసి, దిండు అడ్డం పెట్టి వినేవాళ్ళం. వాళ్ళ మొదటి ఆల్బం 'బ్లీచ్' 1989లో వచ్చింది, ఈ ఊళ్ళోనే రికార్డు చేశారు. మొత్తం ఖర్చు 606 డాలర్ల 17 సెంట్లు. నువ్వయితే ఆ 17 సెంట్లు ఎవరు కట్టారని నిలదీసేవాడివి! ఆ ఆల్బం తెచ్చిన కంపెనీ సబ్ పాప్ ఇక్కడిదే. గిటార్ల గోలకి పేరుపడ్డ ఆ కంపెనీయే 2011లో షబాజ్ ప్యాలెసెస్ అనే ఇద్దరి ఆల్బం తెచ్చింది. పేరు 'బ్లాక్ అప్'. ఆ కంపెనీ సంతకం పెట్టించుకున్న మొదటి హిప్-హాప్ వాళ్ళు వీళ్ళేనట.

బావా, ఇది నువ్వు తప్పకుండా వినాలి. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, లైటు తీసేసి విను. పాడే ఆయన ఇష్మాయెల్ బట్లర్, ఈ ఊరివాడే. అంతకుముందు డిగబుల్ ప్లానెట్స్ అనే గుంపులో ఉండి, 1994లో గ్రామీ కూడా తీసుకున్నాడు. అంత పేరు వచ్చాక కూడా 2009లో షబాజ్ ప్యాలెసెస్ మొదటి రికార్డులు వేసినప్పుడు తన పేరు బయట పెట్టలేదు. ఎవరు చేశారో తెలియకుండానే జనం విన్నారు. పాటకి పల్లవి అంటూ ఉండదు. దరువు ఒకలా నడుస్తూ నడుస్తూ మధ్యలో ఇంకోలా అయిపోతుంది. గొంతు నీళ్ళ అడుగునుంచి వచ్చినట్టుంటుంది. మొదటిసారి విన్నప్పుడు ఇది పాటా, మధ్యలో చెడిపోయిందా అనుకున్నాను. మూడోసారికి, ఒక మాట పాడి ఆగినప్పుడు వెనక నుంచి ఇంకో శబ్దం "ఊఁ" కొట్టడం పట్టుకున్నాను. అచ్చంగా వంతపాటే. ముందు నిలబడ్డవాడు కథ చెబుతుంటే వెనక ఇద్దరు అందుకుంటారు కదా, ఆ లెక్కే.

ఆ ఆల్బం నాటి రెండో ఆయన తెందాయ్ మరైరే. ఆయన వాయించేది ఎంబీరా. చెక్క మీద ఇనప కడ్డీలు వరసగా బిగించి ఉంటాయి, బొటనవేళ్ళతో మీటుతారు. జింబాబ్వే వాళ్ళది. వాళ్ళ నాన్న దుమిసాని మరైరే 1968లో ఇక్కడికి వచ్చి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో ఆ విద్య నేర్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్ళ వల్లే ఈ పక్క ఊళ్ళన్నిటా జింబాబ్వే సంగీతం వాయించే బృందాలు పుట్టుకొచ్చాయి. ఇప్పుడు అసలు సంగతి చూడు. ఆ చెక్కకి గవ్వలో సీసా మూతలో కడతారు. కడ్డీ మీటినప్పుడల్లా అవి జిర్రుమంటాయి. ఆ జీర కావాలనే పెడతారు, అది లేకపోతే వాళ్ళకి శబ్దం బోసిగా ఉంటుందట. మనవాళ్ళు తంబురా తీగ కింద నూలుపోగు పెట్టేది కూడా అందుకే కదా.

ఆ జీర నా చెవిలో పడ్డ రోజు నుంచి ఏదో గుర్తొస్తున్నట్టుండేది, ఏమిటో తేలేది కాదు. నెలల తరబడి అంతే. నిద్రలో కూడా.

ఇక శనివారం. మధ్యాహ్నం పని ఉండి ఊళ్ళోకి వెళ్ళి, అది తొందరగా అయిపోతే ఆ రేడియోవాళ్ళ చోటుకి వెళ్ళాను. 2016లో సియాటిల్ సెంటర్‌లోకి మారారు. ఎవరైనా లోపలికి వెళ్ళి కాఫీ తాగుతూ కూర్చోవచ్చు, ఏ పాట వేస్తుంటే అది వినొచ్చు. అక్కడ పాటల కార్యక్రమాల కాగితాలు ఉంటే ఒకటి తీశాను. ఆ రాత్రికే వాలింగ్‌ఫర్డ్ అనే పేటలో చాపెల్ అనే చోట ఒకావిడ సొంతంగా చేసుకున్న వాయిద్యాలతో కచేరీ అని ఉంది. ఇష్టమొచ్చినంత ఇచ్చి వెళ్ళొచ్చట. ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. మా ఆవిడ ఏమీ అనలేదు, "అన్నం ఫ్రిజ్‌లో పెడతాను" అంది.

ఆ చాపెల్ గుడ్ షెపర్డ్ సెంటర్ అనే పాత భవనంలో నాలుగో అంతస్తులో ఉంది. ఒకప్పుడు క్రైస్తవ సన్యాసినులు ఆడపిల్లల కోసం నడిపిన ఆశ్రమం అది. చెక్క నేల, ఎత్తైన కప్పు. పాతికమంది కూడా లేరు. వాన పడుతోంది, కిటికీల మీద ఆ చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎవరూ మాట్లాడటం లేదు, కుర్చీ కదిలినా అందరికీ తెలుస్తుంది.

మొదటి అరగంట ఆవిడ ఒక ఇత్తడి తాళాన్ని వయొలిన్ కమానుతో రాస్తూ కూర్చుంది. ఒక్కటే స్వరం, సన్నగా మొదలై గది నిండిపోయి మళ్ళీ సన్నబడుతుంది. ఎప్పుడు ఆగిందో కూడా తెలియలేదు, వాన చప్పుడు పైకి వచ్చాక ఆగిందని తెలిసింది. అలాంటి నిశ్శబ్దం నేను మన ఊళ్ళో కరెంటు పోయినప్పుడు తప్ప ఎక్కడా వినలేదు.

తర్వాత కింద పెట్టుకున్న సంచిలోంచి ఒక కాఫీ డబ్బా తీసింది. అడుగు కోసేసి ఒక వైపు తోలు బిగించింది. తోలు మధ్యలోంచి ఒక నరం. నరం చివర చిన్న చెక్కముక్క. డబ్బాని చంకలో ఇరికించి, ఎడం చేత్తో చెక్కముక్క పట్టుకు లాగి, కుడిచేత్తో...

బావా, నా ఒళ్ళు జలదరించింది. మీటకముందే నాకు తెలిసిపోయింది ఏం వినిపించబోతోందో.

జుంయ్... జుంకు... జుంయ్!

డబ్బాకి అంటించిన చిన్న మైకులోంచి ఆ శబ్దం పెద్ద స్పీకర్లకి వెళ్ళి నేలలోంచి కాళ్ళకి ఎక్కింది. లాగితే పైకి పోతుంది, వదిలితే కిందకి జారుతుంది, మధ్యలో మనిషి గొంతులా మూలుగుతుంది. నెలల తరబడి నన్ను వెంటాడింది ఇదే. ఎంబీరాలో విన్న జీర నాకు గుర్తు చేస్తున్నది ఇదే! అమ్మవారి పండగ రాత్రి, మీ వీధి చివర వేపచెట్టు కింద, పెట్రోమాక్స్ వెలుతురులో మీ తాత ఎల్లమ్మ కథ చెబుతుంటే మనం గోనెసంచి మీద పడుకుని విన్న శబ్దం. ఆయన ఏడుపు ఘట్టం వచ్చినప్పుడు నరం వదిలేవాడు, గుర్తుందా? మాట అనకుండానే ఆడవాళ్ళంతా కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

కచేరీ అయ్యాక అందరూ వెళ్ళేదాకా నిలబడ్డాను. ఆవిడ దగ్గరికి వెళ్ళి ఇది మా ఊరి వాయిద్యం అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయింది. తాడు గుచ్చిన డోలు పాశ్చాత్యుల దగ్గర కూడా ఉందట, 'లయన్స్ రోర్' అంటారు, సింహం గర్జనలా ఉంటుందని. ఎడ్గార్ వరేజ్ అనే సంగీతకర్త 1931లో పూర్తి చేసిన 'అయొనైజేషన్' అనే రచనలో దాన్ని వాడాడు. కానీ వాళ్ళు తాడుని రుద్దుతారు, మనం మీటుతాం. ఆవిడ అదీ ఇదీ ప్రయత్నించి తనకు తానే మీటడం దగ్గరికి వచ్చిందట. "మీ ఊళ్ళో ఎలా వాయిస్తారు?" అని డబ్బా నా చేతిలో పెట్టింది.

నాకేం వచ్చు బావా? మీ తాత నా చెయ్యి పట్టుకుని నేర్పింది ఒక్కటే నడక, అదీ పదేళ్ళప్పుడు, వేసవి సెలవుల్లో. చంకలో పెట్టుకున్నాను. చెయ్యి మర్చిపోలేదురా! నాలుగు వరసలు వాయించాను. ఆవిడ కళ్ళు మూసుకుని వింది, మళ్ళీ వాయించమంది, రికార్డు చేసుకోవచ్చా అని అడిగింది. పేరేమిటంది. జముకు అన్నాను. జ-ము-కు అని మూడుసార్లు పలికి పుస్తకంలో రాసుకుంది. ఎవరు నేర్పారంది.

నా స్నేహితుడి తాత, పెద్ద కథకుడు, రాత్రంతా ఊరిని కూర్చోబెట్టగలిగేవాడు అని చెప్పాను.

ఆ మాట అన్నాక నాకు గొంతు పట్టేసింది. ఎందుకో నీకు తెలుసు. ఆ రాత్రి హాస్టల్ కుర్రాళ్ళు నీ ముందు బకెట్ చంకలో పెట్టుకుని "జుం జుం" అని వెకిలిగా ఆడారు. నువ్వు లేచి బయటికి వెళ్ళిపోయావు. నేను అక్కడే కూర్చున్నాను. ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నువ్వు మీ తాత ఊసు ఎప్పుడూ ఎత్తలేదు, ఆయన పోయినప్పుడు కూడా నాకు పది రోజుల తర్వాత చెప్పావు. ఇరవై ఏళ్ళుగా ఇది నీతో అనాలని... సరే, ఇప్పుడు అన్నాను. నువ్వు కోప్పడినా సరే.

ఇక్కడ అదే శబ్దాన్ని పాతికమంది ఊపిరి బిగబట్టి విన్నారు. ఇక్కడివాళ్ళు విన్నారు కాబట్టి గొప్పదని కాదు బావా. వేపచెట్టు కిందే అది గొప్పది. మనకి ఆ రోజు అది చెప్పే ధైర్యం లేకపోయింది, అంతే.

ఇప్పుడు నీతో పని. తాత జముకు మీ ఇంటి అటక మీదే ఉందా? పిన్నిని అడుగు. ఉంటే దించి, తోలు మీద తడి గుడ్డ పెట్టకు, పొడి గుడ్డతో తుడువు చాలు. ఫొటోలు తియ్యి. ముఖ్యంగా నరం లోపల్నుంచి ఎలా ముడి వేశారో దగ్గర్నుంచి తియ్యి. ఆవిడ డబ్బాలో ముడి మాటిమాటికీ జారిపోతోంది, అదే అడిగింది నన్ను. నరం దేనితో చేసేవారో కూడా కావాలి, మేకదా, ఇంకోటా? ఊళ్ళో వంత పాడినవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి తెలుస్తుంది. వీలైతే వాళ్ళ చేత పాడించి ఫోన్లో రికార్డు చెయ్యి, ఎంత పొడుగైనా పరవాలేదు, ఎడిట్ చెయ్యకు, దగ్గులూ కుక్కల అరుపులూ అన్నీ ఉండనీ. డిసెంబర్లో వస్తున్నాను, ఇద్దరం కలిసి

పాప వచ్చేసింది, జుట్టు తడిగా ఉంది, జలుబు చేస్తుంది, పరిగెత్తాలి. పిన్నికి నా నమస్కారం చెప్పు. ఆ ముడి ఫొటో మాత్రం ఈ ఆదివారమే తియ్యి.

నీ
బావ