మూడుసార్లు అన్నాడు

కాజీపేట

చి. సింధుకి,

నాన్న దీవెనలు. మేమిద్దరం బాగున్నాం. అమ్మ మోకాలికి డాక్టరు మందు మార్చారు, పొద్దుటి నడకకు మళ్ళీ నాతో వస్తోంది.

వచ్చే నెల నుంచి ప్రయాణికులున్న విమానంలో కుడివైపు సీట్లో కోపైలట్‌గా కూర్చుంటావని చెప్పావు కదా, ఆ రోజు నుంచీ నీకు ఈ ఉత్తరం రాయాలని ఉంది. ఫోన్‌లో మొదలుపెడితే సగంలో నీకు క్లాసు టైమవుతుంది. కాగితమైతే తీరిగ్గా చదువుకుంటావు.

నువ్వు ట్రైనింగులో చేరిన దగ్గర్నుంచి ప్రమాదాల విచారణ నివేదికలు ముందేసుకుని కూర్చుంటున్నానని అమ్మ నీతో చెప్పే ఉంటుంది. అందులోనూ దిగిన విమానం ఆగలేక రన్‌వే చివర దాటిపోయిన ప్రమాదాలవే ఎక్కువ చదివాను. రైలు నడిపినవాడికి ఆ ధ్యాస పోదు బిడ్డా. లోడుతో ఉన్న గూడ్సుకు ఎమర్జెన్సీ బ్రేకు వేసినా కిలోమీటరు దాకా జారుకుంటూ పోతుంది. ఎర్ర సిగ్నలు కంటబడ్డాక ఆలోచించేవాడు డ్రైవరు కాలేడు, పసుపు దగ్గరే ఆగడం మొదలవ్వాలి. మీ లెక్క నాకు అర్థమైనట్టు రాస్తున్నాను. ఎక్కడైనా తప్పుంటే దిద్దు.

బోయింగ్ 737 దిగేటప్పుడు వేగం గంటకు సుమారు 260 కిలోమీటర్లు, సెకనుకు 70 మీటర్ల పైన. చక్రాలు నేలకు తగలకుండా నాలుగు సెకన్లు తేలిపోయిందంటే దాదాపు 300 మీటర్ల రన్‌వే ఉండి కూడా లేనట్టే. రన్‌వే మొదలును 50 అడుగుల ఎత్తులో దాటాలి. 100 అడుగుల ఎత్తులో దాటితే, మూడు డిగ్రీల వాలులో వస్తున్న విమానం నేల తాకే చోటు సుమారు 290 మీటర్లు ముందుకు జరుగుతుంది. వేగం నూటికి పది వంతులు ఎక్కువైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నూటికి 21 వంతులు ఎక్కువవుతుంది. దీని మీద వెనక గాలి తోడైతే, రన్‌వే మీద నీళ్ళు నిలిస్తే, ఇక చెప్పేదేముంది. ఒక్కొక్కటిగా వస్తే ఇవన్నీ ఓర్చుకోగలిగినవే. ప్రమాదం జరిగిన రోజున మూడో నాలుగో కలిసి వచ్చి ఉంటాయి.

1993 సెప్టెంబరు 14న వార్సాలో దిగిన లుఫ్తాన్సా ఎయిర్‌బస్ 320 సంగతి నీకు పాఠంలో వచ్చే ఉంటుంది. గాలి దిశ మారుతోందని హెచ్చరిక రావడంతో పైలట్లు పద్ధతి ప్రకారమే వేగం కాస్త ఎక్కువ ఉంచుకున్నారు. తీరా దిగేసరికి అది వెనక గాలి అయి కూర్చుంది. పైగా వాన. రెండు వైపులా చక్రాల మీద బరువు పడిందనో, చక్రాలు తిరుగుతున్నాయనో తెలిస్తే తప్ప రెక్కల మీద పైకి లేచి విమానాన్ని నేలకు అదిమే స్పాయిలర్లను తెరవనివ్వదు ఆ విమానంలోని కంప్యూటరు. విమానం ఒక పక్కకు ఒరిగి దిగింది, నీటి మీద చక్రాలు తిరగనే లేదు. తొమ్మిది సెకన్ల పాటు స్పాయిలర్లూ లేవు, ఇంజిను గాలిని ముందుకు తిప్పి వేగం తగ్గించే రివర్సర్లూ లేవు. చివర్లో మట్టికట్టను గుద్దుకుంది. ఇద్దరు పోయారు. గాలిలో ఉండగా స్పాయిలర్లు తెరుచుకోకూడదని పెట్టిన రక్షణే నేల మీద వాళ్ళ కాళ్ళకు అడ్డం పడింది. అది చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

1999లో అమెరికాలోని లిటిల్ రాక్‌లో ఉరుముల వానలో దిగిన విమానంలో స్పాయిలర్లను ముందుగా సిద్ధం చేసే పనే మరిచిపోయారు. డ్యూటీ గంటలు అయిపోవస్తున్నాయి, తుఫాను రన్‌వే మీదికి వచ్చేస్తోంది, ఎలాగోలా దిగేద్దామన్న తొందర. 11 మంది ప్రాణాలు పోయాయి. 2007లో సావో పాలోలో ఒక రివర్సర్ పనిచేయని విమానం దిగింది. ఆ వైపు ఇంజిను లివరు వెనక్కి రాకుండా ముందుకే ఉండిపోయింది. ఒక ఇంజిను ఆపుతుంటే రెండోది తోస్తోంది. రన్‌వే తడిగా ఉంది, కొత్తగా వేసిన ఆ రన్‌వేకి నీరు జారిపోయే గాడులు ఇంకా తీయలేదు. రోడ్డవతలి భవనంలో ఉన్నవాళ్ళతో కలిపి 199 మంది చనిపోయారు.

రన్‌వే అయిపోయిన తరవాత ఏముందన్నది కూడా ప్రాణం తీయగలదు, నిలపగలదు. 2024 డిసెంబరు 29న దక్షిణ కొరియాలోని ముయాన్‌లో చక్రాలు తెరుచుకోకుండా పొట్ట మీద దిగిన విమానం రన్‌వే దాటి, యాంటెన్నా కోసం కాంక్రీటుతో కట్టిన దిబ్బను గుద్దుకుంది. 181 మందిలో ఇద్దరే మిగిలారు. మా రైల్వేలో లైను చివర ఇసుక దిబ్బ పోసి ఉంచుతాం, అదుపు తప్పిన బండి దానిలో దిగబడి ఆగాలని. అమెరికాలో చాలా విమానాశ్రయాల్లో రన్‌వే చివర చక్రాల కింద నలిగిపోయే తేలిక కాంక్రీటు దిమ్మెలు పరిచారు. 2016 అక్టోబరులో న్యూయార్క్ లాగార్డియాలో అప్పుడు ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న మైక్ పెన్స్ ఎక్కిన విమానం వాటిలో కూరుకుని ఆగింది, ఎవరికీ ఏమీ కాలేదు. 2020లో విమానం రన్‌వే దాటి గుట్ట కిందికి పోయిన మన కోజికోడ్‌లో ఆ ఏర్పాటు లేదు. గుట్ట కొసన రన్‌వే కట్టినచోట ఇలాంటిది లేకపోవడం నాకు మింగుడుపడదు.

ఇంత రాసినా నేను చెప్పదలచుకున్న దగ్గరికి ఇంకా రాలేదు. నీ సీటు దగ్గరికి రావాలి.

2010 మే 22. దుబాయ్ నుంచి మంగళూరు వస్తున్న ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం. తెల్లవారి ఆరు గంటలు దాటింది. కెప్టెన్ దారిలో గంటా నలభై నిమిషాలు నిద్రపోయాడు. ఆయన గురక కాక్‌పిట్ రికార్డరులో ఉంది. మంగళూరు ఏరియా రాడార్ ఆ రోజు పనిచేయడం లేదు, అందువల్ల కిందికి దిగే అనుమతి మామూలుకంటే ఆలస్యంగా, రన్‌వేకి దగ్గరయ్యాక దొరికింది. విమానం ఎత్తులో ఉండిపోయింది. ఆ ఎత్తును వదిలించుకోవడానికి నిటారుగా దించారు, వేగం పెరిగింది. 8,033 అడుగుల రన్‌వే మీద సుమారు 5,200 అడుగులు దాటాక చక్రాలు తగిలాయి. అప్పటికైనా రివర్సర్లు అలాగే ఉంచి గట్టిగా బ్రేకులు తొక్కి ఉంటే రన్‌వే మీదే ఆగేదని విచారణలో తేలింది. కెప్టెన్ ఆ ఆఖరి క్షణంలో మళ్ళీ గాలిలోకి లేవబోయాడు. అది లేచే వేగమూ కాదు, ఆగే వేగమూ కాదు. రెక్క యాంటెన్నా దిమ్మెకు కొట్టుకుంది, విమానం లోయలో పడింది. 166 మందిలో 158 మంది పోయారు.

ఆ కోపైలట్ గో అరౌండ్ అని, అంటే దిగకుండా మళ్ళీ పైకి లేచి చుట్టు తిరిగి వద్దామని, మూడుసార్లు అన్నాడు బిడ్డా. విమానం తనంతట తానే హెచ్చరికలు అరుస్తోంది. ఆయన కూడా చెబుతున్నాడు, రన్‌వే మిగల్లేదని కూడా చెప్పాడు. చెప్పాడే గాని కంట్రోల్స్ చేతిలోకి తీసుకోలేదు. కోపైలట్ తనంతట తాను గో అరౌండ్ మొదలుపెట్టవచ్చా లేదా అన్న విషయంలో అప్పటి సూచనల్లో స్పష్టత లేకపోవడం వల్ల కావచ్చని విచారణ సంఘం రాసింది. ఆ వాక్యం కింద నేను గీత గీసుకున్నాను.

పదేళ్ళు దాటాక, 2020 ఆగస్టు 7 రాత్రి. అదే కంపెనీ, అదే రకం విమానం, కోజికోడ్. కరోనా రోజుల్లో దుబాయ్ నుంచి మనవాళ్ళను తీసుకొస్తున్న విమానం. జోరువాన. కెప్టెన్ వైపు అద్దం తుడిచే వైపర్ సరిగా పనిచేయలేదు. ఒకసారి దిగబోయి వదిలేసి, రెండోసారి అవతలి దిక్కు నుంచి వెనక గాలితో వచ్చారు. 8,858 అడుగుల రన్‌వే మీద 4,438 అడుగుల దగ్గర, అంటే సగం అయిపోయాక చక్రాలు తగిలాయి. 190 మందిలో 21 మంది పోయారు, పైలట్లిద్దరూ వాళ్ళలో ఉన్నారు. ఆ రాత్రి కొండోట్టి చుట్టుపక్కల జనం కరోనా భయం కూడా మరిచి వానలో పరుగెత్తుకొచ్చి చేతులతో మోసుకుపోయారు. వాళ్ళకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆ నివేదికలో ఏముందో చూడు. మర్నాడు పొద్దున కోజికోడ్ నుంచి ఇంకో విమానం నడపాల్సిన డ్యూటీ ఆ కెప్టెన్‌దే, అక్కడ సరిపడా కెప్టెన్లు లేరు. ఎలాగైనా అక్కడే దిగాలన్న పట్టుదలకు అది ఒక కారణమైందని రాశారు. ఇక్కడా కోపైలట్ గో అరౌండ్ అన్నాడు. ఇక్కడా కంట్రోల్స్ తీసుకోలేదు. కారణాల్లో అదీ ఒకటని నివేదిక నేరుగా చెప్పింది. పదేళ్ళ తేడాతో రెండు గుట్టల మీద ఒకే సంగతి రెండుసార్లు జరిగింది. ఇద్దరు కెప్టెన్లకూ పదివేల గంటలకు పైగా అనుభవం ఉంది. పోయినవాళ్ళను నిందించడానికి ఇదంతా రాయడం లేదు. అంత అనుభవమున్న మనిషికి కూడా, రన్‌వే కళ్ళెదుట ఉన్నప్పుడు మిగతాదంతా కనబడకుండా పోతుంది. ఆ క్షణంలో పక్క సీట్లో మనిషి ఉండేది అందుకే.

ఇది ఆ ఇద్దరితోనే ఆగిన జబ్బు కూడా కాదు. వేగమో ఎత్తో కుదరకుండా వచ్చే అప్రోచ్‌లలో సుమారు నూటికి మూడే గో అరౌండ్‌తో ముగుస్తున్నాయని, మిగతావాళ్ళంతా అలాగే దిగిపోతున్నారని ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్ లెక్క తేల్చింది. దిగినవాళ్ళలో చాలామందికి ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే అలవాటును ముదరబెడుతుంది.

మా ఇంజిన్‌లో ప్రతి సిగ్నలునూ ఇద్దరం పైకి చెప్పుకుంటాం. డ్రైవరు "డబుల్ ఎల్లో" అంటే అసిస్టెంటు కూడా చూసి, చెయ్యెత్తి "డబుల్ ఎల్లో" అనాలి. అసిస్టెంటు చేతికి అందేచోట కూడా ఎమర్జెన్సీ వాల్వు ఉంటుంది. డ్రైవరు ఎర్ర సిగ్నలుకు స్పందించకపోతే అసిస్టెంటు అనుమతి అడగకుండా దాన్ని తీసేయాలి, బండి ఆపేయాలి. కొత్తగా వచ్చిన పిల్లలకు అది ఎంత కష్టమో నేను చూశాను. సార్ చూసే ఉంటారులే అనుకుంటారు, గొంతు పెగలదు. వాళ్ళందరికీ నేను ఒకటే చెప్పేవాణ్ణి: నేను చూశానో లేదో నీకనవసరం, నీకు కనబడింది గట్టిగా చెప్పు, నేను కదలకపోతే వాల్వు తియ్యి, మిగతాది నేను చూసుకుంటాను.

నీకూ అదే చెబుతున్నాను. పెద్దవాళ్ళ మాటకు అడ్డు చెప్పొద్దని ఇంట్లో నేర్పాం. ఆ మర్యాదను కాక్‌పిట్ తలుపు బయట వదిలి లోపలికి వెళ్ళు. కెప్టెన్‌గారితో నవ్వుతూ మాట్లాడు, నేర్చుకో, గౌరవించు. కిందికి దిగడం మొదలుపెట్టేముందు బ్రీఫింగులోనే అడుగు: "సార్, రన్‌వే మీద ఏ గుర్తు దాటేలోపు చక్రాలు తగలకపోతే మనం వెళ్ళిపోదాం?" ఆ మాట ఆయన నోటితోనే అనిపించు. వెయ్యి అడుగుల దగ్గర వేగం, వాలు, చక్రాలు, ఫ్లాపులు అన్నీ కుదరకపోతే గో అరౌండ్ అని స్పష్టంగా అను. జవాబు రాకపోతే ఇంకోసారి అను. అప్పటికీ చలనం లేకపోతే మూడోసారి అనడానికి ఆగకు, నువ్వే కంట్రోల్స్ తీసుకో. ఒకటి మాత్రం మరవకు: రివర్సర్లు తెరిచాక మళ్ళీ ఎగరాలన్న ఆలోచనే రాకూడదు, మిగిలింది బ్రేకులే. మంగళూరులో అది కూడా జరిగింది.

గో అరౌండ్ చేస్తే ఏం పోతుంది? పది పదిహేను నిమిషాలు, కొంత ఆయిలు, వెనక కూర్చున్నవాళ్ళ విసుగు. కంపెనీలో ఎవరైనా మొహం చిట్లిస్తే చిట్లించనీ. టొరంటోలో 2005లో 9,000 అడుగుల రన్‌వే మీద 3,800 అడుగుల దగ్గర దిగి, చివర దాటి వాగులోకి పోయి కాలిపోయిన ఎయిర్ ఫ్రాన్స్ విమానంలోంచి 309 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అది ఆ రోజు సిబ్బంది చురుకుదనం, అదృష్టం. దాన్ని నమ్ముకుని ఏ విమానమూ దించకూడదు.

నిద్ర చాలని రోజున చాల్లేదని చెప్పెయ్. రాత్రి డ్యూటీ తెల్లవారుజామున ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కళ్ళు తెరిచే ఉంటాయి, మనిషి మాత్రం ఉండడు.

నీ దగ్గరున్న మీ కంపెనీ మాన్యువల్లో ఒకటి చూసి నాకు రాయి. కెప్టెన్ గో అరౌండ్ పిలుపుకు స్పందించకపోతే కోపైలట్ ఎన్ని పిలుపుల తరవాత కంట్రోల్స్ తీసుకోవాలని ఉంది? తీసుకోవచ్చు అని ఉందా, తీసుకోవాలి అని ఉందా? ఆ వాక్యం ఉన్నదున్నట్టు రాసి పంపు. అందులో స్పష్టంగా లేకపోతే మీ ఇన్‌స్ట్రక్టరును అడిగి, ఆయన చెప్పిందీ రాయి. ఆదివారం ఫోన్ చేసినప్పుడు మాట్లాడుకుందాం.

ప్రేమతో,
నాన్న