యుద్ధం వద్దంటే చేతగానితనమా?

సంపాదకులకు,

యుద్ధం వద్దన్నవాళ్లు రాజకీయాలకు పనికిరారని ఈమధ్య తేలిగ్గా అనేస్తున్నారు. మరి జాన్ బ్రైట్ సంగతేమిటి? యుద్ధాన్ని వ్యతిరేకించే క్వేకర్లనే క్రైస్తవ శాఖకు చెందిన ఈ బ్రిటిష్ ఎంపీ, రష్యాతో తమ దేశం చేస్తున్న క్రిమియా యుద్ధాన్ని పార్లమెంటులోనే ఎండగట్టారు. 1857లో మాంచెస్టర్ ఓటర్లు ఓడించారు. అదే ఏడాది బర్మింగ్‌హామ్ నుంచి మళ్లీ సభకొచ్చారు. 1882లో బ్రిటిష్ నౌకాదళం ఈజిప్టులోని అలెగ్జాండ్రియాపై ఫిరంగులు పేలిస్తే, మంత్రి పదవి వదిలేసి బయటికొచ్చారు. ప్రధాని గ్లాడ్‌స్టన్ పాత మిత్రుడే అయినా సరే.

అందరూ అలాంటివాళ్లే అనను. కంబోడియాపై బాంబులు వేయించిన అమెరికా అధ్యక్షుడు నిక్సన్ కూడా క్వేకర్ ఇంట్లో పెరిగినవాడే!

1947లో రెండు క్వేకర్ సేవాసంస్థలకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అమెరికా సంస్థ తరఫున వెళ్లాల్సిన హెన్రీ క్యాడ్‌బరీకి ఆ సభకు తగిన కోటు లేదు. బాధితుల కోసం పోగేసిన బట్టల్లోంచి ఒకటి అరువు తెచ్చుకుని తొడుక్కున్నారు. వాషింగ్టన్‌లో 1943లో క్వేకర్లు పెట్టిన కార్యాలయం నేటికీ చట్టసభ సభ్యుల తలుపులు తడుతూ, సైనిక వ్యయం తగ్గించమని అడుగుతూనే ఉంది.

యుద్ధవార్తల పక్కన ఇలాంటివాళ్ల మాటకూ మీ పత్రికలో కాస్త చోటివ్వండి.

— ఒక పాఠకుడు, తెనాలి